‘ప్రీమెచ్యూర్’ అన్నచోట తెలుగులో ఏం రాయాలి: అకాలమా, ముందస్తా, అపరిపక్వమా?

మీ ప్రశ్న సారాంశం ఇది. గర్భిణుల కోసం మీరు అనువదిస్తున్న ఒక కరపత్రంలో ‘ప్రీమెచ్యూర్’ అనే మాట పదేపదే వస్తోంది. మీరు ఒకచోట ‘అకాల’ అని, ఇంకోచోట ‘ముందస్తు’ అని, మరోచోట ‘అపరిపక్వ’ అని రాశారు. వీటిలో ఏది సరైనదో తేల్చి, కరపత్రమంతటా ఆ ఒక్క మాటే వాడవచ్చా అని అడిగారు. అనువాదాలు దిద్దే పనిలో చాలా కాలంగా ఉన్నవాడిగా నా సమాధానం: వాడకూడదు. ఆ మూడు మాటలకూ మూడు వేర్వేరు పనులున్నాయి, పైగా మీ కరపత్రంలోని చాలా వాక్యాలకు ఆ మూడింటిలో ఏదీ సరిపోదు. తెలుగు ఈ భావాన్ని విశేషణంతో చెప్పడం కన్నా క్రియతో చెప్పడానికే ఎక్కువ ఇష్టపడుతుంది. ఈ సంగతి పట్టుబడితే మీ చిక్కు చాలావరకు విడిపోతుంది కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా, ఆ ఇంగ్లీషు మాటలో రెండు అర్థాలు కలిసిపోయి ఉన్నాయని గమనించాలి. లాటిన్‌లో దానికి మూలార్థం ‘కాలానికి ముందే పండినది’ అని. అంటే పండడం పూర్తయింది, కాకపోతే ముందే పూర్తయింది. కాలక్రమంలో అదే మాట ‘పండకముందే బయటికి వచ్చినది’ అనే అర్థంలోనూ స్థిరపడింది. చిన్న వయసులోనే జుట్టు నెరిసిపోవడం మొదటి రకం. అక్కడ ఏదీ అసంపూర్తిగా లేదు, జరగవలసిన మార్పు ముందే జరిగిపోయింది. తొమ్మిది నెలలు నిండకుండా బిడ్డ పుట్టడం రెండో రకం. అక్కడ జరగవలసిన ఎదుగుదల జరగకుండానే ఫలితం వచ్చేసింది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట సరిపోతుంది. తెలుగులో ఈ రెండూ ఏనాడూ ఒకటి కాలేదు. మొదటిదాన్ని మనం ‘పిందెలోనే పండిపోవడం’ అంటాం, రెండోదాన్ని ‘పండకముందే కోసెయ్యడం’ అంటాం. ఒకదాని బదులు రెండోది వాడితే అర్థం తలకిందులైపోతుంది.

‘అపరిపక్వ’ అనే మాట మీ కరపత్రంలో తప్పుదారి పట్టించేది ఇందుకే. అపరిపక్వం అంటే పక్వానికి రానిది. అది ఒక స్థితిని చెబుతుందే తప్ప కాలాన్ని చెప్పదు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు అపరిపక్వంగా ఉంటాయని రాస్తే ఆ వాక్యంలో దోషం లేదు, ఎందుకంటే అక్కడ చెబుతున్నది నిజంగానే స్థితి గురించి. ‘అపరిపక్వ ప్రసవం’ అంటే మాత్రం ప్రసవమే పక్వం కాలేదన్న వింత అర్థం వస్తుంది. ఇక ‘అపరిపక్వ నెరుపు’ లాంటిది పూర్తిగా విరుద్ధం, ఎందుకంటే నెరిసిన జుట్టులో ఇంకా పండవలసింది ఏమీ మిగల్లేదు. దానికి తెలుగులో ‘బాలనెరుపు’ అనే చక్కని మాట ఉండగా కొత్తది పుట్టించవలసిన అవసరమూ లేదు.

మొదటి రకం ‘ముందే’కు తెలుగులో మెచ్చుకోలూ ఉంది, మందలింపూ ఉంది. చిన్ననాటే గొప్ప తెలివి చూపిన పిల్లవాణ్ని ‘పువ్వు పుట్టగానే పరిమళించినట్టు’ అని మెచ్చుకుంటాం. వయసుకు మించిన మాటలు మాట్లాడేవాణ్ని ‘పిందెలోనే పండిపోయాడు’ అని కసురుకుంటాం. జరిగింది రెండుచోట్లా ఒకటే, కాలానికి ముందే గుణం బయటపడింది. అయినా పువ్వుకు పరిమళం పుట్టుకతోనే సహజం, పిందెకు పండడం సహజం కాదు. ఆ తేడాలోనే మెప్పు, తిట్టు రెండూ ఇమిడి ఉన్నాయి. అనువదించేటప్పుడు మూలంలో ఉన్నది ప్రశంసో అభ్యంతరమో చూసుకోకుండా ఈ నుడికారాలను ముట్టుకోకూడదు.

ఇక ‘అకాల’ సంగతి. చాలామంది దీన్ని ‘కాలానికి ముందు’ అనే అర్థంలో వాడుతున్నారు గాని, ఆ మాటలో ‘ముందు’ లేదు. అకాలం అంటే తగిన కాలం కానిది. అది ముందు కావచ్చు, వెనుక కావచ్చు, అసలు ఆ పనికి సంబంధించిన కాలమే కాకపోవచ్చు. కోతలు పూర్తయి ధాన్యం కళ్లంలో ఉండగా కురిసే వానను అకాల వర్షం అంటాం. ఆ వాన త్వరగా వచ్చిందనో ఆలస్యంగా వచ్చిందనో ఎవరూ అనుకోరు, రాకూడని వేళ వచ్చిందన్నదే అక్కడి బాధ. దీనికి భిన్నంగా, నైరుతి రుతుపవనాలు కేరళను తాకే సాధారణ తేదీ జూన్ 1 కాగా 2025లో అవి మే 24నే వచ్చాయి. దాన్ని పత్రికలు ‘ముందుగానే వచ్చిన రుతుపవనాలు’ అని రాశాయి. అక్కడ ‘అకాల రుతుపవనాలు’ అని రాస్తే తప్పయ్యేది, ఎందుకంటే అవి రావలసినవే, వారం ముందు వచ్చాయి, అంతే. మధ్యాహ్న భోజనం సాయంత్రం నాలుగింటికి చేసినా అది అకాల భోజనమే, మరి అది ఆలస్యమే కదా.

అకాల మరణం విషయంలో మాత్రం ఆ మాట ‘ముందే’ అన్న అర్థంలో స్థిరపడిపోయింది. చావు ఆలస్యమైందని ఎవరూ అనరు కాబట్టి, అక్కడ కాలం కాని కాలమంటే ముందు కాలమే. గుడిలో తీర్థం ఇచ్చేటప్పుడు చదివే ‘అకాలమృత్యుహరణం సర్వవ్యాధినివారణం’ అన్న శ్లోకం వల్ల ఈ వాడుక అందరికీ చెవిలో పడి ఉన్నదే. బహుశా ఆ పరిచయం వల్లనే మనం ‘అకాల’ అన్న మాటను అన్నిచోట్లా ‘ముందే’ అన్న అర్థానికి లాగుతున్నాం.

ఈ మాటకు ఇంకో నియమం ఉంది, దాన్ని పాటించకపోవడం వల్లనే కరపత్రాల్లో వినడానికి ఇబ్బందిగా ఉండే ప్రయోగాలు పుడుతున్నాయి. ‘అకాల’ సంఘటనకే అతుకుతుంది, మనిషికి గాని వస్తువుకు గాని అతకదు. అకాల మరణం, అకాల వర్షం, అకాల వార్ధక్యం, అకాల ప్రసవం అన్నీ జరిగేవి. ‘అకాల శిశువు’ అనకూడదు. పుట్టుక అకాలం కావచ్చునేమో గాని బిడ్డ అకాలం కాదు. మొన్ననే బిడ్డను కని, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న తల్లి చేతికి వెళ్లే కాగితంలో ఆమె బిడ్డ పక్కనే ‘అకాల’ అన్న మాట, మనకు మృత్యువుతో కలిసి వినబడే మాట, కనబడడం నాకు వ్యాకరణ దోషం కన్నా పెద్ద దోషంగా తోస్తుంది. ‘అకాల ప్రసవం’ అన్న పదబంధాన్ని వైద్యపుస్తకాల్లో వాడుకుంటే వాడుకోవచ్చు. తల్లులు చదివే కాగితంలో దాన్ని వదిలెయ్యమనే నేను చెబుతాను.

‘ముందస్తు’ది పూర్తిగా వేరే స్వభావం. అది ఉద్దేశపూర్వకంగా ముందుకు జరిపిన పనికి వాడే మాట. ముందస్తు జాగ్రత్త, ముందస్తు హెచ్చరిక, ముందస్తు అనుమతి, ముందస్తు సమాచారం అన్నప్పుడు ఎక్కడా ‘ఇంత తొందరెందుకు’ అన్న నింద లేదు, నిజానికి అవన్నీ మంచి పనులే. ముందస్తు బెయిల్ కూడా అటువంటిదే. అరెస్టు కాకముందే దానికోసం కోర్టును ఆశ్రయిస్తారు. ఇదివరకు నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ)లో 438వ సెక్షన్‌గా ఉన్న ఆ అవకాశం 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 482వ సెక్షన్ కింద ఉంది. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దయి, మరుసటి ఏడాది జరగవలసిన ఎన్నికలు ఆ డిసెంబరు 7నే జరిగినప్పుడు వాటిని అందరూ ముందస్తు ఎన్నికలన్నారు, ఎందుకంటే ప్రభుత్వం తానుగా కోరి ముందుకు జరిపింది. 1999లో ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వం పడిపోయి లోక్‌సభకు మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు వాడిన మాట ‘మధ్యంతర ఎన్నికలు’. రెండు సందర్భాల్లోనూ గడువు తీరకముందే ఎన్నికలు వచ్చాయి, కాని ఒకటి కోరుకున్నది, రెండోది నెత్తిమీద పడ్డది. ‘ముందస్తు’ మొదటిదానికే నప్పుతుంది.

అందువల్ల ‘ముందస్తు ప్రసవం’ అని రాస్తే, ఎవరో ముహూర్తం చూసి కాన్పును ముందుకు జరిపించారన్న భావం కలుగుతుంది. వైద్యులు తల్లి ఆరోగ్యం దృష్ట్యా నిర్ణయించి ముందుగా ఆపరేషన్ చేసిన సందర్భంలో ఆ మాట కొంతవరకు ఒప్పుతుంది, వాటంతటవే నొప్పులు వచ్చినప్పుడు ఒప్పదు. బ్యాంకు పత్రాల్లో ఈ మాటతో మరో చిక్కు వస్తుంది. ‘ముందస్తు చెల్లింపు’ అంటే వస్తువు చేతికి రాకముందే ఇచ్చే అడ్వాన్సా, అప్పు గడువు తీరకముందే తీర్చేయడమా అన్నది ఆ రెండు మాటల్లో తేలదు. ‘గడువుకు ముందే అప్పు తీర్చడం’, ‘గడువు తీరకముందే డిపాజిట్ వెనక్కి తీసుకోవడం’ అని రాస్తే పొడుగైనా ఎవరికీ సందేహం రాదు.

‘తొందరపాటు’ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది మనిషి మనసుకు సంబంధించిన మాట. నిర్ణయం, ప్రకటన, తీర్పు, వ్యాఖ్య, ఇలా ఎవరో చేసిన పనికే వర్తిస్తుంది. వానకూ ప్రసవానికీ తొందరపాటు ఉండదు. ‘ఫలితాలు రాకుండానే ఒక అభిప్రాయానికి రావడం తొందరపాటు అవుతుంది’ అన్నది నిఖార్సయిన తెలుగు వాక్యం. దాని బదులు ఈ మధ్య ‘ఇది చెప్పడానికి చాలా తొందరగా ఉంది’ అన్న వాక్యం కనబడుతోంది. అందులో తొందరగా ఉన్నది ఎవరు? ‘ఇప్పుడే ఏమీ చెప్పలేం’ అంటే మూడు మాటల్లో పని జరిగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగువాళ్లు రోజూ మాట్లాడుకునేటప్పుడు ఈ భావాన్ని దేనితో చెబుతారో ఒకసారి వినండి. నెలలు నిండకముందే పుట్టాడు, గడువు తీరకముందే డబ్బు తీశాడు, పాలు పొంగకముందే దించేసింది, మాట పూర్తికాకముందే లేచిపోయాడు, తెల్లవారకముందే బయల్దేరారు. అన్నిటిలోనూ ఒకే నిర్మాణం ఉంది: క్రియకు వ్యతిరేకార్థంలో వచ్చే ‘అక’, దానిపైన ‘ముందు’, దానిపైన ‘ఏ’. దీనిలో గొప్పతనం ఏమిటంటే, ఏది జరగవలసి ఉండగా జరగలేదో ఇది తప్పకుండా చెప్పి తీరుతుంది. ‘ప్రీమెచ్యూర్’ అన్న మాట ఏదో హద్దు ఉందని మాత్రం చెప్పి, ఆ హద్దు ఏమిటో పాఠకుడికే వదిలేస్తుంది. తెలుగు నిర్మాణంలో హద్దు పేరు చెప్పకుండా వాక్యమే నడవదు. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత కూడా చేసేది ఇదే. తొందరపడ్డాడని ఊరికే అనడం లేదు, పెళ్లాం ఇంకా రాలేదు, గర్భం ఇంకా నిలవలేదు అని దాటవలసిన మెట్లను ఒక్కొక్కటిగా పేరు పెట్టి చూపిస్తోంది.

ఆ ‘ఏ’కారం మీద కాస్త ఆగాలి. ‘తినేముందు చేతులు కడుక్కో’ అన్నప్పుడు వరస మాత్రమే చెబుతున్నాం, అందులో అభ్యంతరం లేదు. ‘అందరూ తినకముందే చేతులు కడిగేసుకున్నాడు’ అన్నప్పుడు అతను పంక్తి మర్యాద తప్పాడన్న ఎత్తిపొడుపు వినబడుతుంది. ‘తినకముందు’ అని ఏకారం లేకుండా అంటే మళ్లీ వరస మాత్రమే మిగులుతుంది. కాబట్టి ‘ఇది జరగవలసినదానికన్నా ముందు జరిగింది’ అన్న తీర్పు చివరి అచ్చులో ఉంది. కరపత్రంలో ‘37 వారాలు నిండకముందు పుట్టిన’ అని రాస్తే నిర్వచనంలా నిష్పక్షంగా ఉంటుంది, ‘నిండకముందే పుట్టిన’ అని రాస్తే అనుకోనిది జరిగిందన్న స్ఫురణ వస్తుంది. నిర్వచనం ఇచ్చే చోట మొదటిదీ, తల్లితో మాట్లాడే చోట రెండోదీ వాడమని నా సలహా.

మీ కరపత్రానికి అన్నిటికన్నా ముఖ్యమైన క్రియ ‘నిండు’. నెలలు నిండుతాయి, నూరేళ్లు నిండుతాయి, నిండు చూలాలంటాం, నిండు నూరేళ్లు బతకమని దీవిస్తాం. పుట్టుకకూ చావుకూ కూడా తెలుగులో కొలత ఒకటే, పాత్ర నిండిందా లేదా అన్నదే. అందుకే ‘నెలలు నిండని బిడ్డ’ అన్న మాట ఎవరికైనా వివరించకుండానే అర్థమవుతుంది, అందులో బిడ్డ మీద ఏ నిందా లేదు. కొందరు దీన్ని పొట్టిగా ‘నెలతక్కువ బిడ్డ’ అని రాస్తున్నారు. అర్థం అదే అయినా ఆ మాటను మన జనం తిట్టుగా వాడతారు, బుద్ధి సరిగా లేనివాణ్ని నెలతక్కువ వెధవ అంటారు. ఆ తిట్టు ఎరిగిన తల్లి దాన్ని తన బిడ్డకు అన్వయించి చదువుకుంటుంది. అటువంటి మాట ఒక్కటి కూడా మీ కాగితంలో ఉండకుండా చూసుకోండి.

అయితే ‘నిండు’ వాడేటప్పుడు లెక్కలో జాగ్రత్త కావాలి. ‘తొమ్మిదో నెల పడింది’ అంటే ఎనిమిది నెలలు పూర్తయి తొమ్మిదోది మొదలైందని. ‘తొమ్మిది నెలలు నిండాయి’ అంటే తొమ్మిదీ పూర్తయ్యాయని. ఇంట్లో పెద్దవాళ్లు ఈ రెండింటినీ ఎన్నడూ కలపరు. అనువాదంలో మాత్రం తరచు కలిసిపోతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 37 వారాలు పూర్తిగా నిండకముందు జరిగిన ప్రసవం నెలలు నిండని ప్రసవమే. అంటే 36 వారాల 6 రోజులకు పుట్టిన బిడ్డ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మీ ప్రతిలో ‘37వ వారానికి ముందు పుట్టిన పిల్లలు’ అని ఉంది. 37వ వారం అంటే 36 నిండి 37వది నడుస్తున్న వారం. దానికి ముందు అంటే 36 నిండకముందు అని అయిపోయి, సరిగ్గా ఒక వారం తేడా వచ్చింది. ఆ వారంలో పుట్టిన పిల్లల తల్లులు ఈ కాగితం తమకు కాదనుకుని పక్కన పెడతారు. ‘37 వారాలు నిండకముందు’ అని మార్చండి. అలాగే 28 వారాలు నిండకముందు పుట్టినవారు, 28 నిండి 32 నిండనివారు, 32 నిండి 37 నిండనివారు అని విభజన రాస్తే, ‘అత్యంత అకాల’, ‘మిక్కిలి అకాల’ వంటి మెట్లు కట్టవలసిన అవసరమే ఉండదు.

వారాల లెక్క ఎక్కడ మొదలవుతుందో కూడా ఒక వాక్యంలో చెప్పండి. చివరి బహిష్టు మొదటి రోజునుంచి లెక్కిస్తారు, మొత్తం 40 వారాలు, అంటే 280 రోజులు. ‘నెల తప్పిన’ రోజునుంచి లెక్కపెట్టుకునే అలవాటు ఉన్నవారికి ఇది చెప్పకపోతే నాలుగు వారాలు తేడా పడుతుంది. ఇంకొక సంగతి, బిడ్డ బరువు 2,500 గ్రాములకన్నా తక్కువ ఉండడమూ నెలలు నిండకపోవడమూ ఒకటి కావు. నెలలు నిండినా బరువు తక్కువ ఉండవచ్చు. మీ ప్రతిలో ఒక శీర్షిక కింద ఈ రెండూ ‘అపరిపక్వ శిశువులు’గా కలిసిపోయాయి, విడదీయండి.

విశేషణం కన్నా క్రియ ఎందుకు మేలో మీ కరపత్రంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఉమ్మనీటి సంచి పగలడం గురించిన పేరాలో ఇంగ్లీషు మూలం రెండు రకాల ‘ముందు’లను చెబుతోంది. వైద్య పరిభాషలో ఒకటి ‘ప్రీమెచ్యూర్’, రెండోది ‘ప్రీటెర్మ్’. అక్కడ ‘ప్రీమెచ్యూర్’ అంటే నెలలతో సంబంధం లేదు, నొప్పులు మొదలుకాకముందే ఉమ్మనీరు పోవడం అని మాత్రమే అర్థం. 39 వారాలు నిండినావిడకు కూడా అది జరగవచ్చు. ‘ప్రీటెర్మ్’ అంటే 37 వారాలు నిండకపోవడం. రెండూ కలిసి వచ్చిన చోట మీరు ‘ముందస్తు అకాల పొర చీలిక’ అని రాశారు. ఇది చదివి నాకే మూలం చూడవలసి వచ్చింది. ‘నెలలు నిండకముందే, నొప్పులు కూడా రాకముందే ఉమ్మనీరు పోవడం’ అని రాస్తే రెండు హద్దులూ రెండు క్రియల్లో విడివిడిగా నిలబడతాయి. చదివినావిడకు తనకు జరిగింది ఏదో, దేనికి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలో తెలుస్తుంది.

తక్కిన వైద్య వాడుకలకూ ఇదే పద్ధతి. ఆడపిల్లల్లో 8 ఏళ్లు, మగపిల్లల్లో 9 ఏళ్లు నిండకముందే యుక్తవయసు లక్షణాలు కనబడితే వైద్యులు దాన్ని పరీక్షించవలసిన విషయంగా చూస్తారు. ‘అకాల యౌవనం’ అని పేరు పెట్టే బదులు ఆ వయసునే చెప్పాలి. ముట్లుడగడంలో ‘ప్రీమెచ్యూర్’, ‘ఎర్లీ’ అని రెండు మాటలున్నాయి. మొదటిది 40 ఏళ్లు నిండకముందు, రెండోది 40కీ 45కీ మధ్య. తెలుగులో ‘అకాల’, ‘ముందస్తు’ అని చెరొకటి పంచితే ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే ఆ తేడా ఆ తెలుగు మాటల్లో సహజంగా లేదు. సంఖ్య చెబితే చాలు.

క్రియ లేకుండా క్లుప్తంగా ‘అతి ముందు’ అని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగులో ఉన్న సాధనం ‘మరీ’. ఇక్కడ చాలామంది ‘చాలా’ వాడి దెబ్బతింటారు. ‘చాలా ముందుగా వచ్చారు’ అంటే మెచ్చుకోలూ కావచ్చు. ‘మరీ ముందుగా వచ్చారు’ అంటే హద్దు దాటింది. మాటల్లో ఇంతకన్నా ఎక్కువగా వాడేది ‘అప్పుడే’. ‘అప్పుడే వచ్చేశావా?’, ‘అప్పుడే వెళ్లిపోతారా?’ అన్న వాక్యాల్లో ఇంత త్వరగానా అన్న ఆశ్చర్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. దానికి ‘వచ్చేశావు’లోని ‘వేయు’, ‘వెళ్లిపోతారు’లోని ‘పోవు’ అన్న సహాయక్రియలు తోడవుతాయి. ఇదే మాట ‘అప్పుడే పుట్టిన బిడ్డ’లో ‘ఆ క్షణాన’ అన్న అర్థమిస్తుంది, అక్కడ ముందూ వెనుకా లేవు. కాబట్టి రాతలో ‘బిడ్డ అప్పుడే పుట్టింది’ అని ఒంటరిగా వదిలేస్తే రెండు విధాలా చదువుకోవచ్చు. గొంతులో ఉండే ఆశ్చర్యం కాగితం మీదికి రాదు.

‘తొందరగా’ విషయంలోనూ ఇలాంటి సందిగ్ధతే ఉంది. ‘డాక్టరుగారు తొందరగా వచ్చారు’ అంటే వేగంగా వచ్చారా, అనుకున్న వేళకన్నా ముందు వచ్చారా? ఉత్తరాంధ్ర ‘బేగి’, తెలంగాణ ‘జల్ది’ కూడా ఈ రెండు అర్థాలనూ మోస్తాయి. వేగం అంటకుండా కేవలం వేళనే చెప్పే మాట ‘పెందలాడే’. పెందలాడే లేచాడు, పెందలాడే పడుకోమన్నారు అంటాం. ఇంత స్పష్టమైన మాటను రాతలో వదిలేసుకుంటున్నామని నాకు బెంగగా ఉంటుంది. గర్భిణులకు ఇచ్చే సలహాల్లో ‘రాత్రి పెందలాడే భోజనం చేయండి’ అని రాసి చూడండి, ‘తొందరగా భోజనం చేయండి’ అన్నదానిలోని గబగబా తినమన్న పొరపాటు అర్థం తొలగిపోతుంది.

చివరగా, శీర్షికల్లోనూ పట్టికల గడుల్లోనూ వాక్యం పట్టదు, నామవాచకమే కావాలి అని మీరు అంటారు. అక్కడ ‘నెలలు నిండని కాన్పు’, ‘నెలలు నిండని బిడ్డ’ అన్నవి ఇమిడిపోతాయి. ‘అకాల ప్రసవం’ కన్నా మహా అయితే నాలుగు అక్షరాలు ఎక్కువ. ఆసుపత్రిలో నర్సులు ‘ప్రీమెచ్యూర్ బేబీ’ అనే అంటారు, తల్లులు ఆ మాటే విని ఇంటికి వస్తారు కనుక, దాన్ని దాచిపెట్టడమూ సరికాదు. మొదటి పేజీలో ఒక్కసారి, ‘నెలలు నిండని బిడ్డను ఆసుపత్రుల్లో ప్రీమెచ్యూర్ బేబీ అంటారు, అంటే 37 వారాలు నిండకముందు పుట్టిన బిడ్డ’ అని రాసి, అక్కడినుంచి చివరిదాకా ‘నెలలు నిండని బిడ్డ’ అనే కొనసాగించండి.